వేళ ఎరిగిన వేట – డాక్టరు జెర్డాన్ కథ

తోడేలును ఏ వేళప్పుడు వేటాడాలి? విద్యార్థి సంఘం సంచికలో ఇట్లాంటి ప్రశ్న చూసి మిత్రులు నవ్వవచ్చు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక తోడేలు మీద తుపాకి ఎక్కుపెట్టడమే నేరం. కనుక ఈ వ్యాసం చదివి ఎవరూ నల్లమల అంచులకు బయలుదేరవలసిన పని లేదు. నేను చెప్పబోయేది ఒక మనిషి కథ. ఆయన వృత్తికి డాక్టరు, ప్రవృత్తికి వేటగాడు, చరిత్రలో నిలిచింది మాత్రం ప్రకృతి శాస్త్రజ్ఞుడుగా. పేరు థామస్ కావర్‌హిల్ జెర్డాన్. కడప, నెల్లూరు కొండల్లో తిరిగి ఒక పక్షిని లోకానికి చూపించాడు. ఆ పక్షిని మళ్ళీ చూడడానికి తర్వాతి వాళ్ళకు ఎనభై ఆరేళ్ళు పట్టింది. అంత ఆలస్యం కావడానికి చాలామట్టుకు కారణం వెదికిన వేళ. అందుకే వేళ దగ్గర మొదలుపెట్టాను.

మన సీమలో ఈ ప్రశ్నకు జవాబు పుస్తకాల్లో ఉండేది కాదు, గొర్రెలు కాచేవాళ్ళ నోట ఉండేది. మా జేజినాయన మంద తోలినవాడు. పంట కోసిన చేలలో ఎరువు కోసం రైతులు మందను పెట్టించుకునేవారు. రాత్రంతా రొప్పంలో గొర్రెలు, రొప్పం పక్కన గొంగడి కప్పుకుని మనిషి, మనిషి కాళ్ళ దగ్గర కుక్క. ఆ బతుకు బతికినవాళ్ళకు గడియారం అక్కర్లేదు. తోడేలు రెండు వేళల్లో వస్తుందనేవాడాయన. ఒకటి సందకాడ, మంద ఇల్లు చేరే తొందరలో ఉండగా, వెనకబడ్డ పిల్లకోసం. రెండోది మూడో జాము దాటినాక, మనిషికీ కుక్కకూ ఒకేసారి కునుకుపట్టే వేళ. వెన్నెల రాత్రుల్లో తక్కువ, అమావాస్య దినాల్లో ఎక్కువ. మిట్టమధ్యాహ్నం తోడేలు వచ్చిందని ఎవరైనా చెబితే ఆయన నమ్మేవాడు కాదు, కుక్కను చూసి బెదిరినావులే అనేసేవాడు.

జంతుశాస్త్రం చెప్పుకునేవాడిగా నేను ఆ మాటలను తర్వాత తరచి చూసుకున్నాను. ఎక్కడా పొరపాటు కనిపించలేదు. ఎండాకాలంలో కర్నూలు, కడప మైదానాల్లో ఎండ నలభై డిగ్రీలు దాటి మండుతుంది. తోడేలుకు మనలాగా ఒళ్ళంతా చెమట పట్టదు. నాలుక చాచి రొప్పడమే అది ఒంటి వేడిని దించుకునే ముఖ్యమైన దారి. అటువంటి జంతువు పగలు పరుగుపందెం పెట్టుకోదు. కంపచెట్టు నీడలోనో వంక గట్టు పగులులోనో పడుకుని, పొద్దు వాలాక లేస్తుంది. తెల్లవారుజామున గాలి చల్లగా నేలకు అంటుకుని ఉంటుంది గనుక వాసన చెదరదు. పొద్దెక్కి నేల వేడెక్కితే గాలి పైకి లేస్తుంది, వాసన విరిగిపోతుంది. మనిషికి కూడా ఆ వేళే అనుకూలం. మంచు తడిసిన దుమ్ములో అడుగులు కొత్తవో పాతవో తెలుస్తాయి. సూర్యుడు ఏటవాలుగా పడేటప్పుడు చిన్న గుంట కూడా నీడ వేసి కనబడుతుంది. నడినెత్తిన ఉంటే ఏమీ కనబడదు. కనుక తోడేలు తిరిగే వేళా, తోడేలును వెదికేవాడి వేళా ఇంచుమించు ఒకటే అవుతాయి. రాత్రి వేట ముగించుకుని పొట్ట నింపుకుని అది గుహకు మళ్ళే పొద్దుటి గంటే వేటగాడి గంట.

ఇక తెల్లదొరలు సీమలోకి వచ్చినప్పుడు వాళ్ళ వేట తీరు వేరు. గుర్రమూ, బల్లెమూ, సీమకుక్కలూ. ప్రభుత్వం తోడేలు తలకు బహుమానం కట్టింది. 1875 నుంచి 1925 వరకు ఉన్న యాభై ఏళ్ళలో భారతదేశంలో రెండు లక్షల తోడేళ్ళు చంపబడ్డాయని చరిత్రకారుడు మహేశ్ రంగరాజన్ అంచనా. ఇప్పుడు దేశం మొత్తం మీద మిగిలినవి మూడువేల పైచిలుకు అని శాస్త్రజ్ఞుల లెక్క. జెర్డాన్ ఈ దేశంలో అడుగుపెట్టింది ఆ పెద్ద సంహారానికి నలభై ఏళ్ళ ముందు.

ఆయన పుట్టింది 1811 అక్టోబరు 12న, ఇంగ్లండులోని డర్హాం ప్రాంతంలో. తండ్రి ఆర్చిబాల్డ్ జెర్డాన్‌ది స్కాట్లండు సరిహద్దు గ్రామం. కుర్రవాడు ఎడింబరో విశ్వవిద్యాలయంలో చేరి, రాబర్ట్ జేమ్‌సన్ చెప్పే ప్రకృతి శాస్త్రం పాఠాలు విన్నాడు. అదే జేమ్‌సన్ పాఠాలను దాదాపు అదే కాలంలో చార్లెస్ డార్విన్ కూడా విన్నాడన్నది మన విద్యార్థులు గుర్తుంచుకోదగ్గ సంగతి. డార్విన్‌కు ఆ పాఠాలు విసుగు పుట్టించాయట. జెర్డాన్‌కు జీవితమంతా పట్టుకున్నాయి. వైద్యం చదివి, 1835లో ఈస్టిండియా కంపెనీలో అసిస్టెంటు సర్జనుగా చేరి, 1836 ఫిబ్రవరిలో మద్రాసు రేవులో దిగాడు.

మొదటి పని గంజాంలో. జ్వరాలతో, రక్తవిరేచనాలతో సైనికులు పడిపోతుంటే చూడడానికి పంపారు. ఆ రోగుల మధ్య తీరిక ఎప్పుడు దొరికిందో గాని, తూర్పు కనుమల పక్షుల మీద రాయడం అక్కడే మొదలుపెట్టాడు. 1837లో రెండవ లైట్ కావల్రీ పటాలానికి మార్చారు. ఆ పటాలంతో తిరుచిరాపల్లి, తర్వాత దక్కనులోని జాల్నా. నాలుగేళ్ళు ఆ మైదానాల్లో ఉన్నాడు. గుర్రపు పటాలం డాక్టరుకు గుర్రం ఉంటుంది, తుపాకి ఉంటుంది, పొద్దున్నే చేసే సవారీ ఉంటుంది. ప్రకృతి శాస్త్రానికి ఇంతకన్నా మంచి ఉద్యోగం ఆ రోజుల్లో లేదనే నా అభిప్రాయం.

ఇక్కడ ఒక చిన్న దుర్ఘటన జరిగింది, దాని ఫలితం మాత్రం పెద్దది. సేకరించిన పక్షి చర్మాలను పేర్లు కట్టిపెట్టమని స్కాట్లండులోని సర్ విలియం జార్డిన్‌కు ఓడలో పంపాడు. అవి చేరేసరికి పురుగులు కొట్టేశాయి. సీమ పండితుడు తీర్పు చెబుతాడని కూర్చుంటే పని జరగదని జెర్డాన్‌కు తెలిసిపోయింది. తన చూపునూ తన నోటు పుస్తకాన్నీ నమ్ముకుని 1839, 40 సంవత్సరాలలో మద్రాసు సాహిత్య విజ్ఞాన పత్రికలో దక్షిణ భారత పక్షుల జాబితా అచ్చు వేశాడు. అంతకు ముందు దక్కను పక్షుల మీద కర్నల్ సైక్స్ ఇచ్చిన జాబితాలో ఉన్నవి 236. జెర్డాన్ చూపినవి 420. ఇరవై ఎనిమిదేళ్ళ పటాలం డాక్టరు చేసిన పని అది.

సైక్స్ పేరు ఎట్లాగూ వచ్చింది కనుక చెప్పేస్తాను. మన మైదానాల తోడేలుకు శాస్త్రంలో పేరు పెట్టింది ఆయనే, 1831లో. పాలిపోయిన కాళ్ళది అనే అర్థం వచ్చే పేరు. ఉత్తర దేశాల తోడేలు కన్నా ఇది చిన్నది, బొచ్చు పలచన, రంగు మన ఎండిన గడ్డి రంగు. ఇటీవలి జన్యు పరిశోధనలు ఇది తోడేళ్ళ జాతుల్లో బహు పురాతనమైన శాఖ అంటున్నాయి.

1841లో జెర్డాన్ పెండ్లి చేసుకున్నాడు. భార్య ఫ్లోరాకు మొక్కలంటే, ముఖ్యంగా ఆర్కిడ్ పూలంటే ప్రాణం, బొమ్మలు వేసేది. ఆ బంధుత్వం వల్లనే నీలగిరి కొండలు తిరిగే అవకాశం కలిగింది. అక్కడి సంగతులు ఆసక్తికరమే గాని మనకు కావలసింది నెల్లూరు.

1840లలో ఆయన నెల్లూరు సివిల్ సర్జను. ఆసుపత్రి, జైలు, దొరల ఇండ్లు. ఇదీ సివిల్ సర్జను చుట్టే చుట్టు. కానీ ఊరి అంచున యానాదులు ఉన్నారు. ఎలుక కన్నం చూసి లోపల పాముందో ఎలుకుందో చెప్పగలవాళ్ళు, గూడు చూసి పక్షి పేరు చెప్పగలవాళ్ళు. జెర్డాన్ వాళ్ళ దగ్గర కూర్చుని నేర్చుకున్నాడు. పక్షుల పేర్లు, పాముల పేర్లు, ఏది ఎక్కడ ఎప్పుడు తిరుగుతుందో. కంపెనీ ఉద్యోగి యానాది ముందు శిష్యుడు కావడం ఆ కాలంలో మామూలు సంగతి కాదు. ఆయన పుస్తకాల్లో జంతువు జంతువుకూ దేశభాషల పేర్లు ఉంటాయి, తెలుగు పేరు తప్పకుండా ఉంటుంది. తోడేలుకూ రాసుకున్నాడు, మన 'డ' ఆయన చెవిలో 'ర' అయి తోరేలు మాదిరిగా అచ్చుపడింది. పరదేశి చెవి కదా, క్షమించవచ్చు.

నెల్లూరులో ఉండగానే 1843 నుంచి 1847 వరకు భారతీయ పక్షుల చిత్రసంపుటి తెచ్చాడు. యాభై బొమ్మలు. వేసినవాళ్ళు మన దేశపు చిత్రకారులు. వాళ్ళ పేర్లు సంపుటం అట్ట మీదికి ఎక్కలేదు. పుస్తకానికి పేరు తెచ్చింది మాత్రం ఆ చేతులే. చీమల మీద కూడా 1851లో ఒక జాబితా వేశాడు. ఎగిరి దూకే చీమ ఒకటి దక్షిణ దేశంలో ఉంది, తన శరీరానికి ఎన్నో రెట్ల దూరం గెంతుతుంది. శాస్త్రానికి దాన్ని పరిచయం చేసినదీ ఈయనే. ఏనుగు మొదలు చీమ దాకా అన్న మాట ఆయన విషయంలో అక్షరాలా నిజం.

నెల్లూరు నుంచి పడమటికి చూస్తే వెలిగొండలు. వాటిని దాటితే కడప. సిద్ధవటం దగ్గర పెన్నానది కొండల మధ్య దారి చేసుకునే చోటు ఎవరైనా చూసి ఉంటే జెర్డాన్ తిరిగిన నేల ఏదో కళ్ళకు కడుతుంది. ఎర్రరాళ్ళ మిట్టలు, మధ్యమధ్య కలివి పొదలు, రేణికంప, పలచని అడవి. అక్కడ ఆయనకు ఒక పక్షి దొరికింది. కౌజుకన్నా పెద్దది, కాళ్ళు పొడుగు, పరుగు చురుకు, రొమ్ము మీద రెండు పట్టెలు. మైదానాల్లో పగటిపూట పరుగులు తీసే దాని దాయాది ఒకటి ఉంది, దానితో పోల్చి ఇది వేరే జాతి అని పోల్చుకున్నాడు. చర్మం కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీ మ్యూజియంకు వెళ్ళింది. అక్కడి క్యూరేటరు ఎడ్వర్డ్ బ్లైత్ 1848లో దానికి రెండు పట్టెలది అనే అర్థంతో శాస్త్రీయ నామం పెట్టాడు. లోకం వాడుకలో జెర్డాన్ పేరు మీదనే చలామణి అయింది. మన పల్లెల్లో దాని పేరు కలివికోడి. కలివి పొదల్లో తిరిగేది గనుక కలివికోడి. ఇంత సూటి పేరు బ్లైత్‌కు గూడా తట్టలేదు.

జెర్డాన్ దాన్ని గురించి తర్వాత తన పెద్ద గ్రంథంలో రాసింది కొద్ది మాటలే. రాతి మిట్టల నేలలో, పలచని అడవిలో ఉంటుందనీ, చిన్న చిన్న గుంపులుగా కనిపిస్తుందనీ, ఎక్కువ సందడి చేయదనీ, అప్పుడప్పుడు దీనంగా ఒక కూత వేస్తుందనీ. ఏ వేళ కూస్తుందో రాయలేదు. ఏ వేళ తిరుగుతుందో రాయలేదు. ఆ ఒక్క వాక్యం లేకపోవడం వల్ల ఏం జరిగిందో కాసేపట్లో చెబుతాను.

తర్వాత ఉద్యోగం ఆయనను మలబారు తీరాన తలశ్శేరికి తీసుకుపోయింది. 1857 అలజడి నాటికి మధ్య భారతంలో సాగర్ వైపు సైన్యంలో డాక్టరుగా ఉన్నాడు. ఆరోగ్యం చెడి డార్జిలింగు వెళ్ళాడు. అక్కడ ఉండగా అదృష్టం ఇంకో దారిన వచ్చింది. గవర్నర్ జనరల్ కానింగ్ ప్రభువు ఆయనను ప్రత్యేక ఉద్యోగం మీద పెట్టి, భారతదేశపు వెన్నెముక జంతువుల మీద గ్రంథాలు రాసే వీలు కల్పించాడు. చంపడాలూ చావడాలూ ముగిసీ ముగియకముందే ఒక ప్రభుత్వం పక్షుల పుస్తకానికి జీతం ఇచ్చిందంటే ఆశ్చర్యమే. పాలించే దేశాన్ని కట్టెలతో, కాసులతో, కొమ్ములతో సహా లెక్క రాసుకోవాలన్న ఆశ అందులో లేదనలేను. అయినా ఫలితం మనకూ ఉపయోగపడింది. 1862 నుంచి 1864లోపు భారతదేశ పక్షుల గ్రంథం వెలువడింది. వెయ్యికి పైగా జాతులు. గుడారంలో, గుర్రం జీను సంచిలో పట్టేటట్టు, ఊళ్ళు తిరిగే ఉద్యోగి కోసం రాసిన పుస్తకం అది. ఆనాటి దాకా పక్షి శాస్త్రం లండను మ్యూజియముల వాళ్ళ సొత్తు. ఆ తర్వాత తాలూకా ఉద్యోగి కూడా కిటికీలోంచి చూసిన పిట్టకు పేరు చెప్పగలిగాడు.

క్షీరదాల గ్రంథం 1867లో రూర్కీలో అచ్చయింది. 1874లో లండనులో మళ్ళీ అచ్చయింది. తోడేలు అందులో ఉంది.

తోడేలు ప్రకరణంలో జెర్డాన్ తన మిత్రుడు సర్ వాల్టర్ ఎలియట్ చెప్పిన సంగతులను ఆదరంగా తెచ్చుకున్నాడు. ఎలియట్ పేరు తెలుగువారికి పరిచయమే. 1845లో అమరావతి స్తూపం శిల్పాలను తవ్వించి మద్రాసుకు పంపిన సివిలియను ఆయన. ఆయనకు జంతువుల పిచ్చి కూడా ఉండేది. ధారవాడ ప్రాంతంలో ఎలియట్ ఒకసారి కళ్ళారా చూసిన దృశ్యం ఇది. మూడు తోడేళ్ళు జింకల గుంపును ఒక వంక వైపుకు తరుముతున్నాయి. ఆ వంకలో ముందుగానే ఇంకో రెండు తోడేళ్ళు పొంచి ఉన్నాయి. ఒక ఆడజింక వాటికి చిక్కింది. చెట్టూ పుట్టా లేని బయలులో అయితే ఒక తోడేలు నేల గీరి గుంట చేసుకుని అందులో ఒదిగి పడుకుంటుందనీ, మిగతావి జింకలను దాని మీదుగా తోలుతాయనీ అక్కడి రైతులు నమ్మేవాళ్ళట. గొర్రెల కాపరులు చెప్పింది ఇంకా ఆసక్తికరం. గుంపులో కొన్ని కుక్కలతో కయ్యం పెట్టుకుంటే కొన్ని గొర్రెను ఎత్తుకుపోతాయి. తరిమితే కొన్ని వెనుదిరిగి నిలబడి ఆపుతాయి, కళేబరాన్ని మిగతావి ఈడ్చుకుపోతాయి. ఒంటరిగా తిరిగే పెద్ద తోడేలును కన్నడిగులు ఒంటితోడేలనే అర్థం వచ్చే పేరుతో పిలిచి ఎక్కువగా భయపడేవారట. మా జేజినాయన ఎలియట్‌ను చదవలేదు, చదవడమే రాదు. మందల దగ్గర విన్న కథల్లో మాత్రం ఈ ముక్కలన్నీ ఉండేవి.

అదే ఎలియట్ రాతలో భయంకరమైన సంగతి కూడా ఉంది. 1824లో ఒక్క పరగణాలోనే ముప్పై మందికి పైగా పిల్లలు తోడేళ్ళ పాలయ్యారని. తోడేలును ప్రేమించే నాబోటివాళ్ళు ఈ వాక్యాన్ని దాటేసి పోకూడదు. మనిషిని చూసి తప్పుకునే జంతువే అది, నిజమే. అయినా రొప్పంలో పది గొర్రెలు పోయిన ఇంటికి ఆ ఏడు పెండ్లి లేదు, పండుగ లేదు. కాపరికి తోడేలు మీద పగ లేదు, పడుకుంటే నిద్ర లేదు. వేటకు ఏ వేళ మంచిదన్న ప్రశ్న దొరలకు వినోదం. అతనికి అదే ప్రశ్న తిరగేసి, కాపలాకు ఏ వేళ మేలుకోవాలన్న ప్రశ్న. రెండింటికీ జవాబు మూడో జామే.

జెర్డాన్ స్వయంగా తోడేళ్ళ వెంట గుర్రం తోలిన అనుభవం ఉన్నవాడని ఆ ప్రకరణం చదివితే తెలుస్తుంది. తరుముతున్న కుక్కల మీదికే తోడేలు తిరగబడడం ఆయన ఎరుగును. బయలులో తోడేలు పరుగు చూడడానికి తీరిగ్గా ఉంటుంది, గుర్రాలు మాత్రం అలిసిపోతాయి. పగలు, కావలసినంత వెలుతురులో, విశాలమైన మైదానంలో చేసే ఆ వేటలో తోడేలుదే పైచేయి ఎక్కువసార్లు. పొద్దుటి సవారీకి బయలుదేరి, ఎండ ముదరకముందే బంగళాకు చేరి, స్నానం, ఆసుపత్రి, సాయంత్రం మళ్ళీ ఒక తిరుగుడు, చీకటి పడ్డాక దీపం ముందు చర్మాలు ఒలవడం, రాసుకోవడం: అప్పటి ప్రకృతి శాస్త్రజ్ఞుల దినచర్య ఇదే. ఆ దినచర్యలో రాత్రి అడవి లేదు. పటాలం డాక్టరు టార్చిలైటు లేని కాలంలో సిద్ధవటం కొండల్లో రాత్రి తిరగాలన్నా ఎట్లా తిరుగుతాడు? ఆయనను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. ఆ కాలం అందరి పుస్తకాలూ అట్లా పగటి పుస్తకాలే.

కలివికోడికి ఇక్కడే చిక్కు వచ్చింది. జెర్డాన్ తర్వాత బ్లాన్‌ఫర్డ్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు గోదావరి లోయలో దాన్ని చూశాడు. 1900లో అనంతపురం దగ్గర హోవార్డ్ క్యాంబెల్ చూశాడు. అంతే. ఆ తరువాత ఎవరికీ కనబడలేదు. 1930 ప్రాంతంలో తూర్పు కనుమలను గాలించిన వెర్నే సర్వే బృందానికి దొరకలేదు. సలీం అలీ వంటి మహానుభావులు ఆశ వదలకుండా వెదికించారు, దొరకలేదు. అంతరించిందనే చాలామంది తీర్మానించారు. పగలు తిరిగే దాయాదిని చూసి ఇదీ పగటి పక్షే అనుకుని పగలే వెదికారు. అది పగలంతా పొదల నీడలో కదలకుండా కూర్చునే పక్షి. దాని కళ్ళు పెద్దవి. మ్యూజియంలో ఎండిన చర్మానికి కళ్ళు ఉండవు, దూది ఉంటుంది.

1986 జనవరిలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్ కడప జిల్లాలో పక్షి బొమ్మ పట్టుకుని పల్లెపల్లె తిరిగాడు. లంకమల కొండల కింద రెడ్డిపల్లె దగ్గర, పిట్టలు పట్టి బతికే ఒక మనిషి ఆ బొమ్మను చూసి ఇది నాకు తెలుసు, రాత్రి తిరుగుతుంది అన్నాడు. రాత్రిపూట దీపం వెలుగులో పట్టి తెచ్చాడు. ఎనభై ఆరేళ్ళుగా పండితులకు దొరకని పక్షి అది. పాపం, ఆ పక్షి కొద్ది రోజులకే చనిపోయింది. అయినా జాతి బతికి ఉందని తేలింది. సలీం అలీ ఆ వార్త వినేదాకా జీవించి ఉన్నాడు. ఆయన 1987లో కన్నుమూశాడు. 1988లో తపాలా శాఖ కలివికోడి బొమ్మతో స్టాంపు వేసింది. అదే ఏడు శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. కర్నూలు వైపు రోళ్ళపాడు అభయారణ్యం కూడా అదే ఏడు ఏర్పాటయింది. బట్టమేక పక్షి కోసం కేటాయించిన ఆ చిన్న గడ్డి మైదానం కృష్ణజింకలకూ తోడేళ్ళకూ కూడా ఆశ్రయమయింది. ఇప్పుడు ఆ చోటు నంద్యాల జిల్లాలోకి వచ్చింది.

జెర్డాన్ నెల్లూరులో యానాదుల దగ్గర కూర్చున్న పద్ధతికీ, భరత్ భూషణ్ రెడ్డిపల్లెలో కూర్చున్న పద్ధతికీ నాకు పెద్ద తేడా కనబడదు. మధ్యలో వచ్చినవాళ్ళు ఎక్కువమంది పుస్తకాన్ని నమ్ముకుని ఊళ్ళో మనిషిని అడగలేదు, అడిగినా పగటిపూట అడిగి పగటిపూటే చూసి పోయారు.

పక్షి కథ అక్కడితో ఒడ్డున పడలేదు. తెలుగుగంగ కాలువ దాని పొదల మీదుగానే రావలసి వచ్చింది. మద్రాసుకు తాగునీరు, సీమకు సాగునీరు. కరువు నేలవాడు కాలువ వద్దని అనగలడా? నేనైతే అనలేను. 2005లో అభయారణ్యం భూమిలో యంత్రాలు దిగి కలివి పొదలను పెళ్ళగించాయి. వ్యవహారం న్యాయస్థానం దాకా వెళ్ళింది. చివరికి కాలువ దారి మళ్ళించారు. కాలువ వచ్చింది, పొదలు కొన్ని మిగిలాయి. పశువులు మరీ ఎక్కువ మేస్తే పొద అణిగిపోతుంది, అసలే మేయకపోతే మరీ చిక్కబడి పక్షి పరుగెత్తడానికి సందు ఉండదు. అంటే మంద తోలే కాపరి కూడా ఈ పక్షి బతుకులో ఒక పాత్ర.

జెర్డాన్ జీవితం చివరి భాగం తొందరగా చెప్పవచ్చు. ఆసుపత్రుల డిప్యూటీ ఇన్‌స్పెక్టర్ జనరల్ హోదా దాకా ఎదిగి 1868లో ఉద్యోగ విరమణ చేశాడు. ఇంటికి పోలేదు. పాములూ కప్పలూ చేపలూ మిగిలి ఉన్నాయి; అస్సాం వెళ్ళాడు. గౌహతిలో జబ్బు తీవ్రమయింది. కలకత్తాకు చేర్చారు. 1870 జూన్‌లో ఇంగ్లండుకు ఓడ ఎక్కాడు. 1872 జూన్ 12న లండను దక్షిణాన అప్పర్ నార్‌వుడ్‌లో పోయాడు. అరవై ఏళ్ళు నిండి ఎనిమిది నెలలు. అందులో ముప్పై నాలుగేళ్ళు మన దేశంలో గడిచాయి. ఆయన పేరు తొడుక్కున్న జీవులు చాలా ఉన్నాయి. మన చేలగట్ల మీద పొద్దున్నే పైకెగిరి పాడుతూ గొడుగులా దిగే ఒక భరతపక్షికి కూడా ఆయన పేరే. దాన్ని చూడడానికి మాత్రం రాత్రి లేవనక్కర లేదు.

కలివికోడిని వినడానికి ఏ వేళ పోవాలో ఇప్పుడు తెలుసు. 2000 తర్వాత లంకమలలో పనిచేసిన పరిశోధకులు మెత్తటి మట్టి పరచి అడుగుజాడలు పట్టారు, చీకట్లో కెమెరాలు అమర్చారు, కూతను రికార్డు చేశారు. పొద్దుగూకిన ముప్పావుగంటకు మొదలుపెట్టి, గంటా పది నిమిషాల లోపల అది గొంతెత్తుతుంది. రెండు అక్షరాల చిన్న కూత, కొన్నిసార్లు వరుసగా. కొద్ది నిమిషాలే కూస్తుంది, మహా అయితే ఇరవై నిమిషాలు. ఆ తర్వాత రాత్రంతా అడవి దానిది. మన కాపరులు సరిగ్గా అదే వేళకు రొప్పం తడిక బిగించి, కుక్కను విప్పి, పొయ్యి మీద సంగటి కెలుకుతూ ఉంటారు.